బిళ్లల్లోకి క్యాన్సర్ పాకిందా? కంప్యూటర్ పరీక్ష మీద తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం వైపు నుంచి విశాఖకో కటక్‌కో వైద్యానికి వెళ్లే కుటుంబాలూ, ఈ ఊళ్ల ల్యాబుల్లో పనిచేసేవాళ్లూ బిళ్లల్లో (లింఫ్ నోడ్లలో) క్యాన్సర్ ఉందేమో కృత్రిమ మేధతో వెతికే కంప్యూటర్ పరీక్ష గురించి పదేపదే అడిగే సందేహాలివి. కొన్ని ఇంట్లోవాళ్లకు, కొన్ని ల్యాబువాళ్లకు. ఏది కావాలంటే దానికే నేరుగా వెళ్లండి.

## ఆపరేషన్‌కు ముందు

బిళ్ల కట్టిందంటే క్యాన్సర్ పాకినట్టేనా?

కాదు. లింఫ్ నోడ్లు ఒళ్లంతా వందల్లో ఉంటాయి. దగ్గర్లో ఎక్కడ చీము పట్టినా, పుండు పడినా అవి ఉబ్బుతాయి. మన వైపు మెడలో బిళ్లలకు టీబీ పెద్ద కారణం. చెప్పుల్లేకుండా పొలానికి వెళ్లేవాళ్లకు కాలి పుండ్ల వల్ల, తీరం వైపు బోదకాలు వల్ల గజ్జల్లో కడతాయి. పుచ్చు పన్నుకు దవడ కింద కడతాయి. అనుమానించాల్సింది రాయిలా గట్టిగా ఉండి, నొప్పి లేకుండా, వేలితో కదిపితే కదలకుండా, రెండు మూడు వారాలైనా తగ్గకుండా పెరిగే బిళ్లను. రొమ్ములోనో నోట్లోనో గడ్డ ఉండి అదే పక్కన బిళ్ల తగిలితే మాత్రం ఒక్క వారం కూడా ఆగొద్దు. మొదట చేసేది సూది పరీక్ష. కోత ఉండదు, ఖర్చూ తక్కువ.

కృత్రిమ మేధ అంటే స్కాన్ తీసే మిషనా? ఒంటి మీద పెట్టి చూస్తారా?

ఒంటిని తాకదు. అది బొమ్మలు చదివే సాఫ్ట్‌వేర్. రెండు రకాల బొమ్మల మీద వాడతారు. ఒకటి సీటీ, అల్ట్రాసౌండ్ లాంటి స్కాన్లు. రెండోది ఆపరేషన్‌లో తీసిన నోడ్‌ను పల్చగా కోసి, రంగు వేసి, గాజు పలక (స్లైడ్) మీద పెట్టి, ఆ పలకను స్కానర్‌తో తీసిన పెద్ద ఫొటో. బిళ్లలోకి క్యాన్సర్ చేరిందా లేదా అనే ప్రశ్నకు చివరి మాట చెప్పేది ఈ రెండోదే. అందుకే ఇక్కడి జవాబుల్లో ఎక్కువ భాగం గాజు పలక గురించే.

సీటీలోనో పెట్ స్కాన్‌లోనో తెలిసిపోతుంది కదా, ముక్క తీయడమెందుకు?

సీటీలో సాధారణంగా నోడ్ అడ్డకొలత 10 మిల్లీమీటర్లు దాటితే అనుమానిస్తారు. 6 మిల్లీమీటర్ల నోడ్‌లో 1 మిల్లీమీటరు క్యాన్సర్ మచ్చ ఉంటే సీటీకి అది మామూలు నోడే. పెట్ స్కాన్‌కు ఇంకో చిక్కుంది: టీబీ నోడ్ కూడా క్యాన్సర్ నోడ్‌లాగే వెలుగుతుంది. చంకలో అయితే అల్ట్రాసౌండ్ బాగా పనికొస్తుంది. నోడ్ పై అంచు 3 మిల్లీమీటర్లు దాటి మందమైనా, మధ్యలో కొవ్వు భాగం కనిపించకపోయినా అక్కడే సూది పెట్టి చూస్తారు. స్కాన్ చోటు చూపిస్తుంది. అక్కడున్నది క్యాన్సరో కాదో కణం చూసే చెప్పాలి.

చంకలో బిళ్లలన్నీ తీసేస్తారా, ఒకటీ రెండేనా?

రొమ్ము క్యాన్సర్‌లో పరీక్షకు నోడ్లు మామూలుగా ఉంటే, గడ్డ నుంచి వచ్చే ద్రవం మొట్టమొదట చేరే నోడ్లను మాత్రమే వెతికి తీస్తారు. వీటినే సెంటినెల్ నోడ్లంటారు. మిథిలీన్ బ్లూ రంగునో, రేడియోధార్మిక ద్రావణాన్నో, రెండిటినీ కలిపో ఎక్కిస్తారు. రంగు ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం నీలంగానో పచ్చగానో వస్తుంది, కంగారు పడొద్దు. చిన్న గడ్డ తీసి రొమ్ము ఉంచి, ఆపైన రేడియేషన్ ఇచ్చేవాళ్లలో ఒకటి రెండు సెంటినెల్ నోడ్లలో క్యాన్సర్ ఉన్నా మిగతావన్నీ తీయనక్కర్లేదని 2011లో వచ్చిన జెడ్0011 అధ్యయనం చూపించింది. అన్నీ తీస్తే కొందరికి చెయ్యి వాచి అలాగే ఉండిపోతుంది. అందుకే ఆ ఒకటి రెండు నోడ్లను అంత పట్టి పట్టి చూడటం, దానికి కంప్యూటర్ సాయం తీసుకోవడం.

## సీసా నుంచి గాజు పలక దాకా

ముక్క సీసాలో వేసి మా చేతికిచ్చారు. ల్యాబుకు మేమే తీసుకెళ్లాలి. ఏం చూసుకోవాలి?

సీసాలో ఉన్నది ఫార్మలినా (ముక్క కుళ్లకుండా ఉంచే ద్రవం) అని అడగండి. సెలైన్‌లోనో స్పిరిట్‌లోనో వేసిస్తే అక్కడే మార్పించుకోండి. ముక్కకు కనీసం పది రెట్లు ద్రవం ఉండాలి. మూతి వెడల్పుగా ఉన్న ప్లాస్టిక్ సీసా కావాలి. ఇరుకు మూతి సీసాలో మెత్తగా దూరిన ముక్క గట్టిపడ్డాక బయటికి రాదు, చివరికి సీసా కోయాల్సి వస్తుంది. పేరు, వయసు, ఏ వైపు, ఏ భాగం, తీసిన తేదీ, టైము సీసా ఒంటి మీద రాయించండి. మూత మీద రాస్తే మూతలు మారిపోతాయి. ఫ్రిజ్‌లో పెట్టనక్కర్లేదు, ఐస్‌లో అసలే వద్దు. మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో పెట్టి, బస్సులో నిలబెట్టి తీసుకెళ్లండి. రొమ్ము ముక్క 6 గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలకు మించకుండా ఫార్మలిన్‌లో ఉండాలి. దాటితే హార్మోన్ పరీక్షల ఫలితం నమ్మలేం. శనివారం సాయంత్రం ఆపరేషనై సోమవారం సెలవు వస్తే మంగళవారం దాకా సీసా ఇంట్లోనే ఉండిపోతుంది, ఈ గడువు దాటేది సాధారణంగా అలాంటప్పుడే. ఆదివారం తీసుకుంటారేమో ల్యాబుకు ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

ఫార్మలిన్ మా ల్యాబులోనే కలుపుతాం. కొలతలేమిటి?

లీటరుకు: బజారులో దొరికే 37–40 శాతం ఫార్మాల్డిహైడ్ ద్రావణం 100 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 900 మిల్లీలీటర్లు, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నీరులేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. ఉప్పులు మానేసి నీళ్లు మాత్రమే కలిపితే ద్రావణం పులిసి, రక్తం ఉన్నచోటల్లా గోధుమ నలుపు పొడి పేరుకుంటుంది. మైక్రోస్కోప్ కింద దాన్ని మనిషి వెంటనే పోల్చుకుంటాడు. సాఫ్ట్‌వేర్ మాత్రం ఒక్కోసారి తికమక పడుతుంది.

నోడ్‌ను ఎలా కోస్తే మంచిది?

చంక కొవ్వు ముద్ద వచ్చిందంటే ముందు కత్తితో చీలికలు పెట్టి ఫార్మలిన్‌లో ముంచాలి. ద్రవం గంటకు సుమారు 1 మిల్లీమీటరే లోపలికి పోతుంది. చీల్చకపోతే అంచులు గట్టిపడి నడుమ కుళ్లిపోతుంది. తర్వాత వేలితో నలిపి నోడ్లు ఏరాలి. పూర్తిగా తీసిన చంకలో కనీసం పది నోడ్లయినా దొరకాలి. దొరక్కపోతే మిగిలిన కొవ్వును మళ్లీ వెతకండి. ప్రతి నోడ్‌నూ 2 మిల్లీమీటర్ల మందాన చీల్చి, అన్ని చీలికలనూ క్యాసెట్‌లో (చిల్లులున్న చిన్న ప్లాస్టిక్ డబ్బా) పెట్టాలి. ఆ కొలతకు కారణముంది: 2 మిల్లీమీటర్లు దాటిన మచ్చ ఏదో ఒక చీలిక ముఖం మీద పడి తీరుతుంది. నోడ్‌ను నిలువునా రెండు చెక్కలు చేసి ఒకటి పారేస్తే ఏ సాఫ్ట్‌వేరూ కాపాడదు. గాజు మీదకు రానిది దానికి లేనట్టే. సెక్షన్ (గాజు మీద పెట్టే పల్చటి పొర) 4 మైక్రాన్ల దగ్గర ఉండాలి, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మందమైతే కణాలు ఒకదాని మీద ఒకటి పడి స్కానర్ ఫోకస్ చెదురుతుంది.

పేరు తేడా ఉందని బ్లాకు (ముక్కను మైనంలో పోత పోసిన దిమ్మ) తిప్పి పంపారు. ఎందుకిలా?

సరిహద్దు ఊళ్లలో ఇది మామూలు తలనొప్పి. ఒడిశా కాగితాల్లో ఇంటిపేరు చివర, ఆంధ్ర కాగితాల్లో ముందు. ఒకచోట పూర్తి ఇంటిపేరు, ఇంకోచోట ఒక్క పొడి అక్షరం. ఒడియాలో రాసిన పేరును ఇంగ్లీషులోకి మార్చినప్పుడు అక్షరాలూ మారతాయి. ల్యాబు నంబరు ఒకటే అయినా పేరు కలవకపోతే తిప్పి పంపడం ల్యాబు బాధ్యత, వాళ్లను తిట్టి లాభం లేదు. మొదటి రోజే ఆధార్‌లో ఉన్నది ఉన్నట్టు రాయించి, ఆ కాగితం ఫొటో ఫోన్‌లో ఉంచుకుని ప్రతిచోటా అదే చూపించండి.

## కంప్యూటర్ చూసే తీరు

స్లైడ్‌కు సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి పంపితే చాలదా?

చాలదు. స్కానర్ మొత్తం పలకను ముక్కలు ముక్కలుగా తీసి అతుకుతుంది. 40 రెట్ల లెన్సుతో ఒక్కో పిక్సెల్ సుమారు 0.25 మైక్రాన్. ఫొటో ఒక్కో వైపు లక్ష పిక్సెళ్ల దాకా ఉంటుంది. ఫోన్‌తో తీసేది డాక్టరు ఎంచుకున్న ఒక్క చోటు. ఆ చోటేదో ముందే తెలిస్తే ఇక వెతకడానికేముంది?

అది క్యాన్సర్‌ను ఎలా పడుతుంది?

మొదట ఖాళీ గాజును వదిలేసి కండ ఉన్న భాగాన్ని గుర్తిస్తుంది. దాన్ని 256 పిక్సెళ్ల చదరాల్లాంటి చిన్న ముక్కలుగా కోస్తుంది. ఒక్క పలకకే వేలల్లో వస్తాయి. ప్రతి ముక్కకూ 0 నుంచి 1 మధ్య ఒక అంకె వేస్తుంది, క్యాన్సర్ పోలిక ఎక్కువైతే 1కి దగ్గర. ఆ అంకెలను రంగులుగా మార్చి నోడ్ బొమ్మ మీద పరుస్తుంది. ఎర్రగా ఉన్నచోటికి డాక్టరు నేరుగా వెళ్లి చూస్తారు. బియ్యంలో రాళ్లు ఏరే పని లాంటిదే, కాకపోతే ఇది అలసిపోదు. నేర్పేది రెండు రకాలుగా. మచ్చల చుట్టూ డాక్టర్లు గీతలు గీసిచ్చిన పలకలతో నేర్పడం పాత పద్ధతి. గీతలు లేకుండా, ఈ పలకలో ఉంది, ఇందులో లేదు అని మాత్రమే చెప్పి నేర్పడం కొత్తది. 2019లో న్యూయార్క్ బృందం 15,187 మంది రోగుల 44,732 పలకలతో ఈ రెండో పద్ధతి పనిచేస్తుందని చూపించింది.

డాక్టరు కంటే బాగా చూస్తుందని చదివాం. నిజమేనా?

సగం నిజం. ఆ మాట పుట్టింది నోడ్ పలకల్లో క్యాన్సర్‌ను వెతికే సాఫ్ట్‌వేర్లకు నెదర్లాండ్స్‌లో 2016లో జరిగిన కామెలియాన్16 పోటీ నుంచి. ఫలితాలు 2017 డిసెంబరులో వచ్చాయి. 129 పలకలను 11 మంది పాథాలజిస్టులకు (మైక్రోస్కోప్‌లో కణాలు చూసి రోగం తేల్చే డాక్టర్లు) ఇచ్చి సుమారు రెండు గంటల్లో చూడమన్నారు. క్యాన్సర్ ఉన్న పలకనూ లేనిదాన్నీ విడదీసే నేర్పుకు 1 అంటే తప్పే లేనట్టు కొలిస్తే వాళ్ల సగటు 0.810, అన్నిటికంటే మంచి సాఫ్ట్‌వేర్‌ది 0.994. కానీ అవే పలకలను ఒక పాథాలజిస్టు గడువు లేకుండా దాదాపు 30 గంటలు చూస్తే 0.966 వచ్చింది. అంటే ఓడింది చూపు కాదు, టైము. మన జిల్లాల్లో పాథాలజిస్టులు తక్కువ, పలకలు ఎక్కువ కాబట్టి ఈ తేడా మనకు ఇంకా గట్టిగా వర్తిస్తుంది. పోటీ కంటే తోడు పెట్టి చూసిన ఫలితమే మాకు నమ్మకంగా తోస్తుంది: 2018లో గూగుల్ సాఫ్ట్‌వేర్ సాయంతో ఆరుగురు పాథాలజిస్టులు చూసినప్పుడు చిన్న మచ్చలను పట్టడం 83 నుంచి 91 శాతానికి పెరిగింది. అలాంటి పలకకు పట్టే సమయం సగటున 116 సెకన్ల నుంచి 61కి తగ్గింది.

ఎక్కడెక్కడ తప్పుతుంది?

లేనిది ఉందనడం ఒక తప్పు. మన దగ్గర దీనికి మొదటి కారణం టీబీ. టీబీ గడ్డలో గుంపులు కట్టే పెద్ద లేత కణాలు, వాటి మధ్య చచ్చిన కండ చూసి, టీబీ అరుదైన దేశాల పలకలతో నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ క్యాన్సర్ గుంపనుకోవచ్చు. రెండోది పచ్చబొట్టు. చేతి మీద పొడిపించుకున్న సిరా ఏళ్ల తరబడి చంక నోడ్‌లోకి చేరి, నల్లటి పొడిగా కణాల్లో నిల్వ ఉంటుంది. మెలనోమా (నల్లటి చర్మ క్యాన్సర్) అనిపించేంత నల్లగా ఉంటుంది. కోరాపుట్, రాయగడ కొండల్లోనూ, మైదానంలో పెద్దవయసు ఆడవాళ్లలోనూ పచ్చబొట్టు లేని చెయ్యి అరుదు కాబట్టి రిక్వెస్ట్ ఫారం మీద ‘చేతికి పచ్చబొట్టు ఉంది’ అని ఒక్క ముక్క రాస్తే ల్యాబుకు ఎంతో మేలు. ఇవి కాక కండ మడత, గాజు కింద గాలి బుడగ, పెన్ను గీత, సెక్షన్లను తేలేసే నీళ్ల తొట్టిలో ఇంకో రోగి ముక్క తేలి వచ్చి అంటుకోవడం. ఈ చివరిది ప్రమాదకరం, ఎందుకంటే అది నిజమైన క్యాన్సరే, మనిషే వేరు. ఒక్కో బ్లాకుకు తొట్టి పైనీళ్లను టిష్యూ కాగితంతో తుడవడమే మందు.

ఉన్నది లేదనడం రెండో తప్పు. లోబ్యులర్ రకం రొమ్ము క్యాన్సర్ కణాలు గుంపు కట్టవు, ఒక్కొక్కటిగా చెదిరి నోడ్ సొంత కణాల్లా కనిపిస్తాయి. ఆపరేషన్‌కు ముందు కీమో ఇచ్చి ఉంటే కణాలు ఉబ్బి, మారిపోయి, గాయం మానినట్టు గట్టిపడ్డ కణజాలంలో చిక్కుకుని ఉంటాయి. ఈ రెండు కేసుల్లో కంప్యూటర్ ‘లేదు’ అన్నదాన్ని పట్టుకుని డాక్టరు చూపు తగ్గించకూడదు.

నోటి క్యాన్సర్‌కూ ఇదే పనిచేస్తుందా?

రొమ్ము నోడ్లతో నేర్చుకున్నది నోటి క్యాన్సర్ కణాన్ని అలాగే గుర్తిస్తుందని అనుకోవద్దు. దేనితో నేర్పారో అడగండి. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగేవాళ్లకు అంగిట్లో, గుట్కా, ఖైనీ నమిలేవాళ్లకు బుగ్గలో, చిగుళ్ల దగ్గర క్యాన్సర్ వస్తుంది. అది మొదట పాకేది మెడ నోడ్లకే. అక్కడ నోడ్‌లో ఉందా లేదా అన్నదొక్కటే చాలదు, నోడ్ తొడుగు చీల్చుకుని బయటికి వచ్చిందా, వస్తే 2 మిల్లీమీటర్లు దాటిందా అన్నది కూడా కొలవాలి. బయటికి వస్తే దశ పెరుగుతుంది, రేడియేషన్‌తో పాటు కీమో కూడా చెప్పే అవకాశం ఎక్కువ.

కరెంటు పోతుంది, నెట్ నెమ్మది. మా ఊరి నుంచి సాధ్యమా?

లెక్క వేసుకోండి. పలక ఒక్కటి 2 జీబీ అనుకుంటే 10 ఎంబీపీఎస్ నెట్‌లో ఎక్కడానికి దాదాపు 27 నిమిషాలు. ఒక రోగికి 20 పలకలంటే 9 గంటలు, అదీ మధ్యలో తెగకపోతే. కాబట్టి 20 రెట్ల లెన్సుతో స్కాన్ చేయండి (పిక్సెళ్లు నాలుగో వంతుకు తగ్గుతాయి), లేదా సాఫ్ట్‌వేర్‌ను ల్యాబులోని కంప్యూటర్‌లోనే నడపండి, లేదా పలకలనే పెద్ద సెంటరుకు పంపండి. మూడోది చవక. స్కానర్‌కు యూపీఎస్ ఉంటే చాలదు, టిష్యూ ప్రాసెసర్‌కూ (ముక్కలను ఆల్కహాల్, మైనంలో నడిపే మిషను) ఉండాలి. రాత్రి కరెంటు పోయి ముక్కలు ఆల్కహాల్ దగ్గరే ఆగిపోతే పొద్దున వచ్చేది పెళుసు బ్లాకు.

## రిపోర్టు వచ్చాక

రిపోర్టులో ‘2/14’ అనీ, మిల్లీమీటర్లనీ ఉంది. అర్థమేమిటి?

14 నోడ్లు చూశారు, రెండింట్లో క్యాన్సర్ ఉంది. రొమ్ము క్యాన్సర్‌లో మచ్చ 2 మిల్లీమీటర్లు దాటితే మాక్రో, 0.2 దాటి 2 లోపుంటే మైక్రో. 0.2 మించకుండా, ఒక సెక్షన్‌లో 200 కంటే తక్కువ కణాలుంటే విడి కణాలు. విడి కణాలు మాత్రమే ఉంటే ఆ నోడ్‌ను పాకిన నోడ్ల లెక్కలో వేయరు. కంప్యూటర్ సాయం ఎక్కువ ఉపయోగపడేది మైక్రో దగ్గర. మాక్రో మచ్చ మనిషి కంటి నుంచి సాధారణంగా తప్పించుకోదు.

కంప్యూటర్ ‘ఉంది’ అంది, డాక్టరు ‘లేదు’ అంటున్నారు. ఎవర్ని నమ్మాలి?

డాక్టర్ని, కానీ ఎలా తేల్చారో అడగండి. పద్ధతి ఉంది: అదే బ్లాకు నుంచి ఇంకాస్త లోతు సెక్షన్లు కోసి, సైటోకెరటిన్ రంగు పరీక్ష చేస్తారు. రొమ్ము, నోటి క్యాన్సర్ కణాలు గోధుమరంగుకు తిరుగుతాయి, టీబీ కణాలు తిరగవు. రెండు మూడు రోజులు ఆలస్యమైనా ఆగడం మంచిది.

సంతకం ఎవరిది?

పాథాలజిస్టుది. సాఫ్ట్‌వేర్ పేరు మాత్రమే ఉండి డాక్టరు సంతకం లేని కాగితం రిపోర్టు కాదు. దాని మీద ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు.

రెండో అభిప్రాయానికి విశాఖకో, కటక్‌కో, ముంబైకో వెళ్తున్నాం. ఏం తీసుకెళ్లాలి?

మైనపు బ్లాకులు, రంగు వేసిన స్లైడ్లు రెండూ అడిగి తీసుకోండి, స్లైడ్లు మాత్రమే ఇస్తే కొత్త పరీక్షలు చేయలేరు. రిపోర్టు, ఆపరేషన్ నోట్సు, కీమో అయితే తేదీలు ఉండాలి. స్లైడ్లను గాడులున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. పేపర్లో చుడితే పగులుతాయి. మైనం 56–60 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మే నెలలో కారు అద్దం కింద పెట్టిన బ్లాకు వంగిపోతుంది, చేతిసంచిలోనే ఉంచుకోండి. ఆరోగ్య కార్డు రాష్ట్రం దాటాక చెల్లుతుందో లేదో బయలుదేరేముందే ఆ ఆసుపత్రి పథకం డెస్కుకు ఫోన్ చేసి, మీ కార్డు పేరు చెప్పి కనుక్కోండి.

## ల్యాబువాళ్లకు

మా ల్యాబులో పెట్టుకోవాలంటే ముందేం చేయాలి?

అమ్మేవాళ్ల డెమో పలకలతో తృప్తి పడొద్దు. డిజిటల్ పలకలకు అమెరికన్ పాథాలజిస్టుల కాలేజీ పెట్టిన కొలత ఉంది: కనీసం 60 కేసులు, మైక్రోస్కోప్‌లో ఒకసారి, తెర మీద ఒకసారి, మధ్యలో కనీసం రెండు వారాల ఎడం. 95 శాతం కలవకపోతే కారణం వెతకాలి. దాని మీద మీ సొంత పరీక్ష కలపండి: మీ బీరువాలోని టీబీ నోడ్లు, పచ్చబొట్టు నోడ్లు, లోబ్యులర్ కేసులు, కీమో అయినవి తీసి నడిపించండి. ఎన్ని టీబీ నోడ్లను ఎర్రగా చూపించిందో రాసుకోండి. అది బ్రోషర్‌లో ఉండదు. రంగు బ్యాచి మారినప్పుడల్లా పది పాత పలకలు మళ్లీ స్కాన్ చేసి అంకెలు కదిలాయేమో చూడండి. హెమటాక్సిలిన్ (కణాల కేంద్రకాలకు నీలం వేసే రంగు) పాతబడితే కేంద్రకాలు పాలిపోయి అంకెలు పడిపోతాయి.

సాఫ్ట్‌వేర్ వైద్య పరికరంగా 2017 మెడికల్ డివైజ్ రూల్స్ కిందికి వస్తుంది, లైసెన్సు అడగండి. పలకలు బయటి సర్వరుకు పంపేటప్పుడు లేబుల్ ఫొటో కూడా వెళ్తుంది. స్కానర్ పలకతో పాటు లేబుల్‌నూ తీసి ఫైల్‌లో దాస్తుంది కాబట్టి, ఫైల్ పేరు మార్చినంత మాత్రాన రోగి పేరు పోదు. లేబుల్ బొమ్మను విడిగా తొలగించాకే పంపండి.